మాత్ర ఫ్రీ... మరి అన్నం?

హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లని "మాత్ర వేసుకున్నారా?" అని అందరూ అడుగుతారు. "తిన్నారా?" అని అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్నను సైన్స్‌గా అడగడం నేర్చుకుంటున్న పరిశోధకుల కథ ఇది. ఇందులో ఓ పెద్ద ట్విస్ట్ కూడా ఉంది.

"గడిచిన నాలుగు వారాల్లో, ఇంట్లో తిండి సరిపోదేమోనని ఎప్పుడైనా కంగారు పడ్డారా?"

ఇది మొదటి ప్రశ్న. ఇలాంటివి మొత్తం 9 ఉంటాయి. ఒక్కోటీ ముందుదానికంటే కాస్త బరువుగా ఉంటుంది. ఇష్టమైనది కాకుండా దొరికిందే తిన్నారా? మామూలుగా తినేదానికంటే తగ్గించుకుని తిన్నారా? రోజుకి తినే పూటలు తగ్గాయా? ఇంట్లో అసలు తినడానికి ఏమీ లేని రోజు వచ్చిందా? రాత్రి ఆకలితోనే పడుకున్నారా? చివరిది వినడానికే కష్టం: ఒక పగలు, ఒక రాత్రి మొత్తం ఏమీ తినకుండా గడిచిందా?

ప్రతి ప్రశ్నకీ 0 నుంచి 3 దాకా మార్కులు. "లేదు" అంటే 0. "తరచుగా" అంటే 3. అన్నీ కలిపితే గరిష్ఠంగా 27. మన పరీక్షలకి ఇది పూర్తిగా రివర్స్. ఎంత ఎక్కువ మార్కులొస్తే ఆ ఇల్లు అంత ఆకలితో ఉన్నట్టు. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇంటి ఆకలిని ఈ పద్ధతిలోనే కొలుస్తున్నారు.

ఇది రేషన్ కార్డు సర్వే కదా, హెచ్‌ఐవీకీ దీనికీ ఏంటి సంబంధం అనిపిస్తుంది. చదువుతూ పోయేకొద్దీ తెలిసిందేంటంటే, గత 20 ఏళ్లలో హెచ్‌ఐవీ పరిశోధనలో వచ్చిన ముఖ్యమైన మలుపుల్లో ఇదొకటి. వైరస్‌ని కొలిచే డాక్టర్లు ఆకలిని కూడా కొలవడం మొదలుపెట్టారు. తర్వాతి తరం పరిశోధకులకీ అదే నేర్పిస్తున్నారు. పేదరికం తగ్గిస్తే, తిండికి భరోసా ఇస్తే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఆరోగ్యం బాగుపడుతుందా? ఈ ప్రశ్నకి "అవుననుకుంటా" సరిపోదు, లెక్క చూపించాలి. ట్రైనింగ్ అంతా దీని చుట్టూనే.

ఆకలి నుంచి వైరస్ దాకా మూడు దారులు

ముందు బేసిక్స్. హెచ్‌ఐవీకి ఇప్పుడున్న చికిత్స పేరు ఏఆర్‌టీ. రోజూ మానకుండా మాత్ర వేసుకుంటే రక్తంలో వైరస్ టెస్టుకి కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే ఉంటే లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి వైరస్ పాకదు. మనిషి మామూలు జీవితం గడపొచ్చు. ఒకప్పుడు మరణశిక్షలా భయపెట్టిన జబ్బు, ఇప్పుడు బీపీ, షుగర్‌లా మందులతో నెట్టుకురాగలిగే జబ్బయింది. షరతు ఒక్కటే. మాత్ర మానకూడదు.

సరిగ్గా ఇక్కడే ఆకలి అడ్డొస్తుంది. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసే డాక్టర్ షెరి వైజర్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 2011లో ఈ సంబంధాన్ని ఒక మ్యాప్‌లా గీశారు. అందులో మూడు దారులు ప్రధానం.

మొదటిది శరీరం దారి. సరైన తిండి లేకపోతే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. వైరస్ చేసేదీ అదే పని. ఇద్దరు శత్రువులు ఒకే కోటమీద పడ్డట్టు.

రెండోది మనసు దారి. రేపు పిల్లలకి ఏం పెట్టాలో తెలియని టెన్షన్, పక్కింటివాళ్లని అప్పు అడగాల్సిన సిగ్గు. ఇవి మనిషిని కుంగదీస్తాయి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు మందులు మానేసే ప్రమాదం ఎక్కువ.

మూడోది ప్రవర్తన దారి. ఆసుపత్రికి వెళ్లే బస్సు ఛార్జీ పెడితే ఆ రోజు కూలీ పోతుంది, ఆ రోజు బియ్యం పోతుంది. రెండింట్లో ఏది ఎంచుకుంటారు? పైగా మందులు మొదలుపెట్టాక చాలామందికి ఆకలి బాగా పెరుగుతుంది. ఒంట్లోకి శక్తి తిరిగొస్తోందనడానికి అది మంచి గుర్తు. తినడానికి ఏమీ లేని ఇంట్లో మాత్రం ఆ మంచి గుర్తే నరకం. ఆ బాధ పడలేక మాత్ర పక్కన పెట్టేసినవాళ్ల గురించి ఆఫ్రికా నుంచి వచ్చిన అధ్యయనాలు చాలా చెప్పాయి. తినకుండా మందేసుకుంటే ఒంటికి పడదని భయపడి మానేసినవాళ్లూ ఉన్నారు.

ఒక్క విషయం క్లియర్‌గా చెప్పాలి. ఈరోజు ఎక్కువగా వాడుతున్న డోల్యూటెగ్రావిర్ లాంటి మందుని తిని వేసుకున్నా, తినకుండా వేసుకున్నా పర్వాలేదు. కొన్ని మందులకి మాత్రం భోజనం తప్పనిసరి. మీది ఏ రకమో డాక్టర్‌ని అడగాలి తప్ప, తినలేదు కదా అని సొంతంగా మాత్ర మానేయకూడదు.

ఆకలి ప్రభావం మందులతోనే ఆగదు. వైరస్ సోకడానికీ అది దారి తీస్తుంది. 2007లో వైజర్ బృందం బోట్స్వానా, స్వాజీలాండ్ (ఇప్పటి ఎస్వటీని) దేశాల్లో 2 వేలమందికి పైగా పెద్దవాళ్లతో చేసిన అధ్యయనం ప్రచురించింది. ముందటి ఏడాదిలో తిండి చాల్లేదని చెప్పిన ఆడవాళ్లు 32 శాతం, మగవాళ్లు 22 శాతం. అలా చెప్పిన ఆడవాళ్లలో డబ్బుకో వస్తువుకో బదులుగా సెక్స్‌కి ఒప్పుకోవాల్సి రావడం, కండోమ్ వాడమని గట్టిగా అడగలేకపోవడం స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. "జాగ్రత్తగా ఉండండి" అని పోస్టర్ వేసేస్తే సరిపోతుందా? జాగ్రత్తగా ఉండే స్తోమత కూడా ఉండాలి కదా.

చేప కోసం బేరం

ఇప్పుడు కెన్యా వెళ్దాం. విక్టోరియా సరస్సు ఒడ్డు. కిసుము, హోమా బే, మిగోరి అనే మూడు కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. 2018లో కెన్యా ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం దేశం మొత్తంమీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 4.9 శాతం. హోమా బేలో 19.6 శాతం. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఈ సరస్సు ఒడ్డున 'జబోయా' అని ఒక పద్ధతి ఉంది. పడవలు మగవాళ్లవి. చేపలు కొని బజారులో అమ్ముకునేది ఆడవాళ్లు. చేపలు తగ్గిపోయేకొద్దీ, ఫలానా ఆమెకే సరుకు ఇవ్వాలంటే డబ్బుతో పాటు శరీరం కూడా బేరంలోకి వచ్చింది. ఇది అక్కడి ఆడవాళ్ల తప్పు కాదు. చేప దొరక్కపోతే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ బేరం నుంచి బయటపడటానికి కిసుము దగ్గర కొందరు ఆడవాళ్లు కలిసి సొంత పడవలు సంపాదించుకున్న సంగతి ప్రపంచ మీడియాలోనూ వచ్చింది. వాళ్లు అడిగింది అవగాహన సదస్సు కాదు, పడవ.

ఇదే ప్రాంతంలో వైజర్, అదే యూనివర్సిటీకి చెందిన క్రెయిగ్ కోహెన్, కెన్యా మెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (కెమ్రీ)కి చెందిన ఎలిజబెత్ బుకుసి, ఇంకా చాలామంది కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పేరు 'షాంబా మైషా'. స్వాహిలీలో షాంబా అంటే పొలం, మైషా అంటే బతుకు.

ఐడియా సింపుల్. అక్కడ చాలామందికి చిన్న చెక్క భూమి ఉంది. దగ్గర్లో సరస్సో, వాగో, నిస్సారమైన బావో ఉంది. ఆ నీళ్లు చేను మీదికి రావు. దాంతో వాన పడితేనే పంట. వాన లేని నెలల్లో ఆకలి. సీమలోనో పాలమూరులోనో పెరిగినవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

కాబట్టి మూడు ఇచ్చారు. ఒకటి, చిన్న అప్పు. రెండు, ఆ అప్పుతో కొనుక్కునే నీటి పంపు. కరెంటు, డీజిల్ అక్కర్లేదు. మనిషే కాలితో, ఒంటి బరువుతో ఆడించుకోవచ్చు. దాంతోపాటు విత్తనాలు, ఎరువులు. మూడు, శిక్షణ. కూరగాయలు ఎలా పండించాలి, లెక్క ఎలా రాసుకోవాలి, అప్పు ఎలా తీర్చాలి. ఫ్రీగా పంచిపెట్టలేదు. అప్పుగానే ఇచ్చారు. మన డ్వాక్రా సంఘాల గురించి తెలిసినవాళ్లకి ఈ లాజిక్ వెంటనే అర్థమవుతుంది.

ముందు 140 మందితో ఒక ఏడాది పైలట్ చేశారు. ఒక ఆసుపత్రి రోగులకి ఈ ప్యాకేజీ, మరో ఆసుపత్రి వాళ్లకి మామూలు చికిత్స. 2015లో ఫలితాలు ప్రచురించారు. ప్యాకేజీ తీసుకున్నవాళ్లలో, రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాల సంఖ్య రెండో గుంపుతో పోలిస్తే సగటున 165 ఎక్కువ పెరిగింది. వైరస్ అదుపులోకి రావడంలోనూ వీళ్లే చాలా ముందున్నారు. తిండికి భరోసా కూడా పెరిగింది.

నీటి పంపుతో వైరస్ తగ్గింది! హెడ్‌లైన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

ట్విస్ట్ ఇక్కడే

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా పనిలో ఏ/బీ టెస్ట్ అని ఒకటి ఉంటుంది. యాప్‌లో కొత్త బటన్ పెట్టాలనుకుంటే సగం మంది యూజర్లకి పాతది, సగం మందికి కొత్తది చూపిస్తాం. ఎవరికి ఏది అనేది లాటరీలా తేలుతుంది. తర్వాత నంబర్లు పోలుస్తాం. చిన్న టెస్ట్‌లో అదిరిపోయిన ఫీచర్ లక్షలమందికి వెళ్లాక తుస్సుమనడం మాకు కొత్తేం కాదు. అందుకే చిన్న టెస్ట్ చూసి ఎవరూ పార్టీ చేసుకోరు.

షాంబా మైషా బృందం కూడా చేసుకోలేదు. పైలట్‌లో ఉన్నవి రెండే ఆసుపత్రులు. వచ్చిన తేడా ప్యాకేజీ వల్లా, లేక ఆ ఆసుపత్రి వల్లా అనేది కచ్చితంగా చెప్పలేం. అందుకే 2016లో పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. ఈసారి 16 ఆసుపత్రులు, 8 జతలుగా. ప్రతి జతలో ఎవరికి ప్యాకేజీ అనేది లాటరీ. మొత్తం 720 మంది. రెండేళ్ల పాటు గమనింపు. మనిషి మనిషికీ లాటరీ తీయకుండా ఆసుపత్రులకే ఎందుకు తీశారంటే, ఒకే ఊళ్లో ఒకరికి పంపు ఇచ్చి పక్కవాళ్లకి ఇవ్వకపోతే, సాయంత్రానికల్లా ఆ పంపు ఇద్దరి చేలల్లోనూ తిరుగుతుంది. మంచి పొరుగు ఉండటం లెక్కలకి మాత్రం చెడ్డదే!

2022 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. ప్యాకేజీ తీసుకున్న గుంపులో వైరస్ అదుపులో ఉన్నవాళ్లు 85.8 శాతం నుంచి 95.1 శాతానికి పెరిగారు. బ్రహ్మాండం. మరి ప్యాకేజీ లేని గుంపు? 82.4 నుంచి 93.5 శాతానికి. అదీ బ్రహ్మాండమే. అంటే రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ మధ్యలో ఏం జరిగింది? ట్రయల్ నడుస్తున్న రోజుల్లోనే కెన్యా తన చికిత్స పద్ధతి మార్చింది. అప్పటిదాకా సీడీ4 సంఖ్య ఒక స్థాయి కంటే పడిపోతేనే మందులు మొదలుపెట్టేవారు. 2016 నుంచి హెచ్‌ఐవీ తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స. తర్వాత మెరుగైన మందులూ వచ్చాయి. క్లినిక్‌లు బాగుపడ్డాయి. మా భాషలో చెప్పాలంటే, టెస్ట్ నడుస్తుండగానే అందరి ఫోన్లలోనూ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయిపోయింది. పాత బటన్ వాళ్లకీ యాప్ ఫాస్ట్‌గా పనిచేయడం మొదలైంది. పైగా, మొదట్లోనే 80 శాతానికి పైగా అదుపులో ఉన్నచోట పైకి వెళ్లడానికి ఖాళీ తక్కువ.

ఆకలి స్కోరు సంగతి వేరే. ప్యాకేజీ గుంపులో అది రెండో గుంపు కంటే 3.5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. 27 పాయింట్ల స్కేలు మీద ఇది చిన్న తేడా కాదు. వాళ్లలో డిప్రెషన్ కూడా తగ్గింది. తమ మీద తమకి నమ్మకం పెరిగింది.

ఇప్పుడు చెప్పండి. ఈ ప్రయోగం పాసా, ఫెయిలా?

వైరస్ ఒక్కటే కొలమానమైతే, తేడా లేదు. మనిషి కొలమానమైతే, రాత్రి ఆకలితో పడుకునే ఇళ్లు తగ్గాయి. ఈ రెండు వాక్యాలనీ ఒకే పేపర్లో పక్కపక్కన, ఒకదాన్ని దాచకుండా రాయడం నేర్పడమే నా దృష్టిలో అసలు ట్రైనింగ్.

ఎవరికి, ఎప్పుడు?

సరే, కెన్యాలో తేడా రాలేదు కాబట్టి తిండికీ వైరస్‌కీ సంబంధం లేదనుకోవచ్చా? తొందరపడకండి. పక్క దేశం టాంజానియా చూద్దాం.

అక్కడి షిన్యాంగా ప్రాంతంలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, బర్క్‌లీకి చెందిన శాండ్రా మెకాయ్ బృందం అక్కడివాళ్లతో కలిసి ఒక ట్రయల్ చేసింది. ఇక్కడ ఎంచుకున్నది చికిత్స కొత్తగా మొదలుపెట్టిన, తిండికి ఇబ్బంది పడుతున్న 805 మందిని. కొందరికి క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా నెలకింత నగదు. కొందరికి అదే విలువకి మొక్కజొన్న పిండి, బీన్స్, వేరుశెనగలు. కొందరికి మామూలు చికిత్స మాత్రమే. ఇది గరిష్ఠంగా 6 నెలల దాకా. ఆ 6 నెలల్లో మందులు దాదాపు మానకుండా తీసుకున్నవాళ్లు నగదు గుంపులో 85 శాతం, తిండి గుంపులో 79 శాతం, మామూలు గుంపులో 63 శాతం.

ఆ తర్వాత 530 మందితో ఇంకో ట్రయల్ చేశారు. 2020లో ప్రచురితమైన దాని ఫలితాల్లో ఈసారి వైరస్‌నే కొలిచారు. మామూలు గుంపులో 73 శాతం మందికి అదుపులో ఉంది. నెలకి నాలుగున్నర డాలర్లు ఇచ్చిన గుంపులో 83 శాతం. 10 డాలర్లు ఇచ్చిన గుంపులో 86 శాతం. అప్పటి మారకం రేటు ప్రకారం మన డబ్బుల్లో సుమారు 300, 700 రూపాయలు. ఓ వీకెండ్ మనం ఫుడ్ డెలివరీ యాప్‌లో పెట్టే ఖర్చు.

రెండు దేశాల ఫలితాలూ పక్కపక్కన పెడితే ఒక బొమ్మ కనిపిస్తుంది. చికిత్సలో ఇప్పటికే కుదురుకున్నవాళ్లకి వైరస్ పరంగా తిండి సాయం అదనంగా చేసేది తక్కువ కావచ్చు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన పేదవాళ్లకి మాత్రం ఆ మొదటి కొన్ని నెలల్లో చేతికందే నాలుగు డబ్బులు పెద్ద తేడా తేవచ్చు. కాబట్టి "సాయం పనిచేస్తుందా?" అనేది సగం ప్రశ్నే. "ఎవరికి, ఎప్పుడు, ఎంత?" అనేది పూర్తి ప్రశ్న.

ఈ కోర్సు ఏ కాలేజీలో ఉంది?

దీనికి ప్రత్యేకంగా డిగ్రీ లేదు. డాక్టర్‌కి వైరస్ తెలుసు, అప్పు వడ్డీ తెలీదు. ఎకనమిస్ట్‌కి వడ్డీ తెలుసు, వైరల్ లోడ్ తెలీదు. వ్యవసాయాధికారికి పంట తెలుసు, లాటరీ తీసి ప్రయోగం చేయడం తెలీదు. ఇవన్నీ కొంచెం కొంచెం తెలిసిన మనిషి కావాలి. అలాంటివాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితేనే తయారవుతారు.

అందుకే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ దగ్గర 'కే24' అనే ఒక రకం గ్రాంటు ఉంది. రోగులతో నేరుగా పరిశోధన చేసే మధ్యస్థాయి సీనియర్లకి ఇస్తారు. ఉద్దేశం రెండు. వాళ్ల సొంత పరిశోధన సాగాలి, కొత్తవాళ్లకి నేర్పడానికి టైమ్ దొరకాలి. సీనియర్లకి నేర్పాలని ఉన్నా టైమ్ ఉండకపోవడం మా ఆఫీసుల్లోనూ చూస్తాం. అక్కడ ఆ టైమ్‌కి జీతం కట్టిస్తున్నారన్నమాట.

ఇలాంటి పరిశోధనకి కావాల్సిన విద్యలేంటో పైన చూసిన ట్రయల్స్‌ని బట్టే చెప్పొచ్చు. మొదటిది అడగడం. "మీ ఇంట్లో తిండి ఉందా?" అని మొహం మీద అడిగితే ఎవరైనా "ఉంది" అనే అంటారు. పరువు ఎవరికైనా పరువే. ఆ 9 ప్రశ్నల్ని అక్కడివాళ్ల భాషలోకి, అవమానం అనిపించకుండా తేవాలి. రెండోది కొలవడం. ఆకలి, డిప్రెషన్, అప్పు, వైరస్... వీటిలో ఏది దేనికి కారణమో విడదీయడం. మూడోది కలవడం. వ్యవసాయ శాఖతో, అప్పులిచ్చే సంస్థతో, రోగుల సంఘాలతో మాట్లాడటం రావాలి. నాలుగోది ఆగడం. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక కూడా పంపు రిపేరు చేసేవాడు ఆ ఊళ్లో ఉంటాడా అని మొదటిరోజే ఆలోచించడం.

ఈ చదువు పేద దేశాలకే అనుకోవద్దు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్' అనే సంస్థ ఉంది. 1985లో రూత్ బ్రింకర్ అనే ఓ పెద్దావిడ ఎయిడ్స్‌తో మంచానపడ్డ ఏడుగురికి వండి పెట్టడంతో మొదలైంది. ఈ సంస్థతో కలిసి కార్తికా పలార్, వైజర్ తదితరులు ఓ చిన్న అధ్యయనం చేశారు. హెచ్‌ఐవీ గానీ, షుగర్ గానీ ఉన్న 52 మందికి 6 నెలల పాటు రోజుకి సరిపడా పోషకాహారం ఇచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం హెచ్‌ఐవీ మందులు సరిగ్గా వాడేవాళ్లు 47 నుంచి 70 శాతానికి పెరిగారు. పోల్చడానికి రెండో గుంపు లేని చిన్న పైలట్ ఇది. చిన్న టెస్ట్ చూసి పార్టీ చేసుకోకూడదని పైనే అనుకున్నాం కదా! కానీ ప్రపంచంలోకెల్లా రిచ్ టెక్ నగరంలో కూడా మాత్రకీ అన్నానికీ మధ్య ఇదే ముడి.

మన దగ్గర?

ఈ కథ మనకి దూరం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు దాదాపు 24 లక్షలు. మహారాష్ట్ర తర్వాత అత్యధికంగా ఆంధ్రప్రదేశ్‌లో, 3.2 లక్షల మంది. తెలంగాణలో దాదాపు లక్షన్నర.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. అంటే మాత్ర ఫ్రీ అయి 20 ఏళ్లు దాటింది.

అన్నం సంగతి కూడా మన దగ్గర కొందరు పట్టించుకున్నారు. అమెరికా పరిశోధకురాలు ఆడెలిన్ న్యామతి బృందం భారతీయ పరిశోధకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 'ఆశా-లైఫ్' అనే కార్యక్రమాన్ని పరీక్షించింది. ఊళ్లో అందరికీ తెలిసిన ఆశా కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు హెచ్‌ఐవీ ఉన్న మహిళల ఇళ్లకి వెళ్లి మందులు గుర్తుచేయడం, ధైర్యం చెప్పడం, ఆసుపత్రికి వెళ్లడానికి సాయపడటం లాంటివి చేశారు. దానికి పోషకాహార సాయం తోడైంది. 68 మందితో చేసిన మొదటి అధ్యయనం 2012లో వచ్చింది. 6 నెలల్లో రెండు గుంపుల్లోనూ మందులు వాడటం మెరుగైంది, ఆశా-లైఫ్ గుంపులో మాత్రం చాలా ఎక్కువగా. ఆ తర్వాత 600 మంది మహిళలతో పెద్ద ట్రయల్ చేశారు. ఆశా తోడు అందరికీ ఉంచి, పోషకాహార పాఠాలు, పోషకాహారం విడివిడిగానూ కలిపీ ఇచ్చి, దేని వల్ల ఎంత లాభమో విడదీసేలా దాన్ని డిజైన్ చేశారు.

ఇక రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు హెచ్‌ఐవీ బాధితులకి నెలనెలా పింఛను ఇస్తున్నాయి. మనం దాన్ని సంక్షేమ పథకం అంటాం, ఎన్నికల టైమ్‌లో వాదించుకుంటాం. టాంజానియా లెక్క చూశాక నాకు అది ఇంకోలా కనిపిస్తోంది. ఆ పింఛను కూడా చికిత్సలో భాగమే. అలాగని గుడ్డిగా అనేయలేం, మన దగ్గరా కొలవాలి. పింఛను ఆలస్యమైన నెలలో ఎంతమంది మందులు తీసుకోవడానికి రాలేదు? కొత్తగా చికిత్స మొదలైన రోజు నుంచి పింఛను చేతికందే రోజు దాకా ఇల్లు ఎలా గడిచింది? ఆ మొదటి నెలలే కీలకమైతే, సాయం కూడా అప్పుడే అందాలి కదా?

ఇవి డేటా ప్రశ్నలు. డేటా మీద పనిచేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ మన రెండు రాష్ట్రాల్లో కోకొల్లలు. డాక్టర్ కాకపోయినా ఈ రంగంలో చోటుంది. పబ్లిక్ హెల్త్, ఎకనమిక్స్, న్యూట్రిషన్, అగ్రికల్చర్, స్టాటిస్టిక్స్... ఏ దారినుంచైనా రావొచ్చు. ఒకటే జాగ్రత్త. ఈ డేటాలో ప్రతి వరుస వెనకా పేరు బయటపడితే బతుకు తలకిందులయ్యే మనిషి ఉంటారు. మన దేశంలో 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం కూడా ఆ గోప్యతకి రక్షణ ఇస్తోంది.

డబ్బు తగ్గితే ఏది కోస్తారు?

ఈ పరిశోధనంతా ఎందుకంత అర్జెంటో 2025 జనవరిలో తెలిసింది. అమెరికా తన విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపేసింది. ఆ డబ్బు మీద ఆధారపడ్డ ఆఫ్రికా దేశాల హెచ్‌ఐవీ క్లినిక్‌లు ఉలిక్కిపడ్డాయి. కొన్ని సేవలకి తర్వాత మినహాయింపులు వచ్చినా దెబ్బ తగిలింది. డబ్బు తగ్గినప్పుడు ఎవరైనా మాత్రనే కాపాడతారు, అది న్యాయమే. తిండి సాయం "అదనపు ఖర్చు" అని పేరు పెట్టుకుని పక్కకి పోతుంది. ఏ సాయం ఎవరికి నిజంగా మాత్రని నిలబెడుతుందో లెక్క చూపించగలిగిన మనిషి ఆ మీటింగులో లేకపోతే, దాని తరఫున మాట్లాడేవాళ్లే ఉండరు.

హైతీలో ఒక సామెత ఉందట. తిండి పెట్టకుండా మందివ్వడమంటే చేతులు కడుక్కుని మట్టిలో తుడుచుకున్నట్టే అని. మన అమ్మమ్మలకి ఈ మాట సైన్స్ చెప్పక్కర్లేదు. "ముందు తిను, తర్వాత మందేసుకో" అని మన వెంటపడింది వాళ్లే కదా. తేడా ఏంటంటే, అమ్మమ్మ మాటతో బడ్జెట్ శాంక్షన్ అవ్వదు. దానికి 16 ఆసుపత్రులు, 720 మంది, రెండేళ్లు, నచ్చని ఫలితాన్ని కూడా దాచకుండా రాసే నిజాయితీ కావాలి.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఏఆర్‌టీ వాడుతుంటే, మాత్ర గురించి మాత్రమే కాదు, ఇంటి సంగతి కూడా నెమ్మదిగా అడగండి. నలుగురిలో కాదు, విడిగా. పింఛనుకి అర్హత ఉందేమో ఏఆర్‌టీ సెంటర్‌లోని కౌన్సెలర్‌ని కనుక్కోమనండి. హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, పేరు చెప్పాల్సిన పనిలేదు.

ఆ తొమ్మిదీ కుదరకపోతే ఒక్క ప్రశ్నయినా అడగండి. "తిన్నారా?"